చక్రాల మీద నేల

మా ఇంటి ఎదురు సందు మలుపులో మిర్చి బజ్జీల బండి ఒకటి పెడతారు. దాని మీద నీలం రంగు ప్లాస్టిక్ పట్టా. సాయంత్రం గాలి లేచిందంటే ఆ పట్టా ఒక మూల ఊడి టపటపా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. బండి ఆయనకు అది పట్టదు, నూనె చప్పుడులో ఉంటాడు. నాకు మాత్రం ఆ చప్పుడు చెవిన పడ్డాక కూర్చోబుద్ధి కాదు. చేతిలోని చిక్కుడుకాయలు పళ్లెంలో పడేసి కిటికీ దగ్గరికి పోతాను, వచ్చి కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. మోకాళ్లు వద్దంటున్నా ఊరుకోను. "అత్తమ్మా, నీ కాళ్లకు చక్రాలున్నయా ఏంది, ఒక్కకాడ కూసోవు?" అని మా కోడలు నవ్వుతుంది. ఉండేవమ్మా అంటాను. వేళాకోళం అనుకుంటుంది. నిజంగానే ఉండేవి, రెండు చక్రాలు. వాటి మీద ఒక చిన్న ఇల్లు, ఆ ఇంటి పక్కన ఇలాగే టపటపలాడే ఒక పాత గుడ్డ, ఆ గుడ్డ నీడలో కూడా ఒక్క క్షణం కూర్చోని ఒక మనిషి.

ఆవిడ డాక్టర్ సుభద్రమ్మ గారు. కృష్ణ ఒడ్డు మనిషి. రెండు ప్రాంతాలు కలిసి ఒక రాష్ట్రమైన కొత్తలో మా వైపు, ఆదిలాబాద్ జిల్లాకు వచ్చారు. అప్పట్లో అటునుంచి వచ్చే ఆఫీసర్లు చాలామంది పెట్టె దించిన రోజు నుంచే బదిలీ కోసం చూసేవారు. ఈవిడ అడిగి మరీ వచ్చారట. ఎందుకు అడిగారో ఎవరికీ చెప్పలేదు. అన్నం నిలబడి తినేవారు, కాఫీ నడుస్తూ తాగేవారు. ఎవరైనా కుర్చీ వేస్తే దాని వీపు పట్టుకుని నిలబడేవారు తప్ప కూర్చునేవారు కాదు. "కూర్చుంటే నాకు ఊపిరాడదు భాగ్యం" అన్నారు ఒకసారి. భాగ్యం అంటే నేనే. సిరిసిల్లలో మగ్గం మీద బతికే ఇంట్లో పుట్టి, కరీంనగర్‌లో నర్సు పని నేర్చుకుని ఆవిడ దగ్గర చేరాను. ఊరు దాటి పోవాలన్న తహతహ తప్ప నాకప్పటికి ఇంకేమీ తెలియదు. ఇద్దరం కాలు నిలవని వాళ్లమే దొరికాం. గంతకు తగ్గ బొంత అని మా డ్రైవర్ హమీద్ మియా మమ్మల్ని చూసి నవ్వుకునేవాడు.

మాకిచ్చిన ఇల్లుబండి ఒకప్పుడు ఏదో తెల్లదొరదట. బొగ్గు వెతకడానికి వచ్చి, అడవిలో దాంట్లోనే వండుకుని దాంట్లోనే పడుకునేవాడట. దొర పోయాడు, బండి మిగిలింది. డిపార్ట్‌మెంటు దానికి తెల్లరంగు వేసి, లోపల ఒక బల్ల, ఒక అల్మారా పెట్టి, జీపు వెనక తగిలించి, ఊరూరా తిరిగే దవాఖానా అని పేరు పెట్టింది. జనం పెట్టిన పేరు డబ్బా. కడుపుతో ఉన్న ఆడవాళ్లను చూడటం మా పని. సుభద్రమ్మ గారు వచ్చిన కొత్తలో, కానుపు కష్టమైన ఒకామెను మంచం మీద మోసుకొస్తుంటే దవాఖానా చేరకముందే దారిలోనే ప్రాణం పోవడం కళ్లారా చూశారు. వాళ్లు దవాఖానాకు రాలేకపోతే దవాఖానాయే వాళ్ల దగ్గరికి పోవాలి అని పట్టుబట్టి ఆ బండి సాధించారు. అంత పట్టుబట్టి తెచ్చిన బండిలోకి ఒక్క ఆడమనిషి ఎక్కేది కాదు.

మగవాళ్లు వచ్చేవారు. జ్వరం గోళీలకు, గజ్జి మందుకు, ఉత్తపుణ్యానికి లోపల ఏముందో చూడటానికి. ఆడవాళ్లు మాత్రం కొంగు తలమీదికి లాక్కుని ఎండలో దూరంగా నిలబడి, కాసేపు చూసి వెళ్లిపోయేవారు. పైనుంచి మాట వచ్చేసింది: వానలు మొదలయ్యే నాటికి ఆడవాళ్లు రాకపోతే బండి పట్నానికి తిరిగి పంపేయాలని. ఆ మాట విన్న రోజు డాక్టరమ్మ బండి చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో చెప్పలేను. పో, అసలు వాళ్లకేమి అడ్డమో కనుక్కురా అని నన్ను తరిమారు. వెళ్లి అడిగాను. ఒక ముసలమ్మ విడమరిచి చెప్పింది. నిండు మనిషి నేల విడవకూడదు. బిడ్డ నేల మీద పడాలి. మీ డబ్బా గాలిలో ఉంది. ఆ మాట తెచ్చి చెబితే డాక్టరమ్మ మండిపడ్డారు. మరి మంచం ఎక్కడం లేదా, అప్పుడు కాళ్లు గాలిలో లేవా అని మళ్లీ నన్నే పంపారు. దానికీ ముసలమ్మ దగ్గర జవాబుంది. "మంచం కోళ్లు నేల మీదనే ఉంటయి గద బిడ్డా. చక్రం ఉంటదా? అది పోయేటిది." డాక్టరమ్మ ఆ జవాబు విని జీపు దగ్గరికి వెళ్లిపోయారు.

ఉపాయం హమీద్ మియా నోటి నుంచి వచ్చింది. ఎక్కరు సరే, కనీసం నీడ ఉంటే కిందైనా కూర్చుంటారు కదా అని ఆయన లెక్క. "డాక్టరమ్మా, దీనికి జర ఒక సాయబాను గట్టిస్తే మంచిగుంటది" అన్నాడు. మా వైపు ఇంటి ముందు దించుకునే నీడపందిరిని సాయబాను అంటాం. ఆవిడకా మాట కొత్త. "మీరున్నారుగా మియా, ఇంకో సాయబును తెచ్చి దీనికి కట్టడం ఎందుకండీ?" అన్నారు. హమీద్ మియా గడ్డం పట్టుకుని నవ్విన నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది. సంగతి అర్థమయ్యాక ఆవిడా నవ్వారు, కానీ నవ్వు పూర్తికాకముందే జీపెక్కి కూర్చున్నారు. ఆవిడ కూర్చునేది ఒక్క కదిలే జీపులోనే.

కొత్త గుడ్డ కావాలని రాస్తే ఆఫీసు నుంచి వచ్చేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. మంచిర్యాలలో ఒక డేరా టాకీసు మూతపడిందని హమీద్ మియాకు తెలుసు. పక్కా గోడల సినిమా హాలు వచ్చేసరికి డేరాకు జనం లేక, దాని ఓనరు గుడ్డలన్నీ మడిచి ఒక పాకలో పడేశాడు. ఎలుకలు కొరకనివి, చినగనివి ఏరితే మందపాటి క్యాన్వాసు ముక్క ఒకటి మిగిలింది. అంచంతా తాడు దూర్చే ఇత్తడి కళ్లు, సగం ఊడినవి, సగం పచ్చబడినవి. విప్పి చూస్తే దాని మీద మనిషెత్తు ఎర్రటి అక్షరాలు: నేల, ఆడవారు. నేల టికెట్టు ఆడవాళ్లు లోపలికి పోయే వైపు కట్టిన గుడ్డ అది. రంగు వేసి కొట్టేద్దామా అని నేనంటే, రంగు ఆరేదాకా ఎవరు కూర్చుంటారు అని డాక్టరమ్మ అప్పుడే దాన్ని మడతపెట్టించారు.

దాన్ని డబ్బాకు తగిలించడం ఒక పెద్ద తతంగమైంది. సర్కారు బండికి చిల్లులు పెట్టాలంటే హుకుం కావాలన్నాడు హమీద్ మియా. డాక్టరమ్మ తనే బరమా అందుకున్నారు. పైకప్పు అంచున పొడవాటి టేకు పట్టీ ఒకటి బిగించాం, దానికి కొక్కేలు, కొక్కేలకు గుడ్డ కళ్లు. గుడ్డేమో బండి కంటే పొడుగు. మడిచి కుట్టడానికి నేను దబ్బనం పట్టుకుంటే అరచెయ్యంతా బొబ్బలెక్కింది. మొదటిసారి కట్టినప్పుడు అక్షరాలు తలకిందులయ్యాయి. మళ్లీ విప్పి కట్టాం. ముందువైపు రెండు వెదురు బొంగులు, బొంగులకు తాళ్లు, తాళ్లకు మేకులు. తాళ్లు నేను కట్టాను. మా బాపు మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి, చిన్నప్పటి నుంచీ నా వేళ్లకు తెలిసిన ముడి. తెగితే పోగు తెగాలి గానీ ముడి జారకూడదనేవాడు బాపు. గర్వంగానే కట్టాను.

ఆ మధ్యాహ్నమే దుమారం లేచింది. గుడ్డ గాలి పోసుకుని పొట్ట ఉబ్బించింది, డబ్బా ఒకవైపు చక్రం మీద ఊగింది, లోపల సీసాలు గలగలమన్నాయి. గుడ్డ దించుదామంటే నేను వేసిన ముడులు ఊడి రావు. గోళ్లు విరిగాయి గానీ ముడి కదల్లేదు. డాక్టరమ్మ కత్తెర తెచ్చి తాళ్లు నరికేశారు. గాలి తగ్గాక ఆవిడ తిడతారని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను. తిట్టలేదు. తాడు ముక్క ఒకటి తీసుకుని నా ఎదుటే బొంగుకు చుట్టి, మడత దూర్చి, కొస వదిలారు. కొస పట్టి లాగితే మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. "కట్టడం అందరూ కడతారు భాగ్యం. ఎప్పుడంటే అప్పుడు విప్పుకునేలా కట్టాలి" అన్నారు. ఆ రోజంతా నాచేత జారుముడి వేయించారు. నేర్చుకున్నాను గానీ లోపల్లోపల ఉక్రోషం. లాగితే ఊడేదాన్ని ముడి అనడానికి నేతపని ఇంటి నోరు రాదు.

సాయబాను మాత్రం పని చేసింది. మొదట్లో ఊరి పొలిమేరలో మేము ఆగగానే ఏ సినిమా అమ్మా అని అడిగేవారు. చదువొచ్చిన మగవాళ్లు ఆడవారు అన్న మాట చూసి దూరంగా ఆగిపోయేవారు; లోపలికి రాబోయిన వాళ్లను వాళ్లే, కనపడతలేదా రాసింది అని గదమాయించేవారు. ఆ గుడ్డ కింద నేల ఊడ్చి, పేడనీళ్లతో సాంపి చల్లి, చాపలు పరిచేదాన్ని. ఒక్కొక్కరూ వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. కాళ్ల వాపులు చూపించుకునేవారు, గోళీలు కొంగున కట్టుకునేవారు. డాక్టరమ్మ వాళ్ల మధ్య నిలబడి, వంగి, లేచి, అటు తిరిగి ఇటు తిరిగి చూసేవారు. గుడ్డ కింద వరకే. డబ్బా మెట్టు మీద మాత్రం ఒక్క పాదం పడలేదు. అసలు పనిముట్లు, బల్ల, దీపం అన్నీ లోపల ఉన్నాయి. రేపు నిజంగా ప్రాణం మీదికి వస్తే ఏం చేస్తామని ఆవిడ జీపులో ప్రతిరోజూ అనేవారు. వానలు దగ్గరకొస్తున్నాయి.

ఆ రేపు మందమర్రి దాటాక అడవి అంచున ఒక పల్లెలో వచ్చింది. పోశవ్వ అని ఒకామె తన కోడలు మల్లమ్మను ఎడ్లబండిలో తీసుకొచ్చి సాయబాను కింద దించింది. మల్లమ్మకు ముందురోజు నుంచి నొప్పులు. మంత్రసాని చేతులెత్తేసింది. పోశవ్వ కొడుకు బొగ్గుబాయిలో పని మీద దిగి ఉన్నాడు, సాయంత్రం దాకా పైకి రాడు. డాక్టరమ్మ చాప మీద మోకాళ్లూని చూశారు. ఆవిడ మోకాళ్ల మీద ఉండగా చూడటం నాకదే మొదలు. లేచి నాతో మెల్లగా చెప్పారు: బిడ్డ అడ్డం తిరిగి ఉంది, లోపలికి ఎక్కించి బల్ల మీద ప్రయత్నిస్తూనే మంచిర్యాల పెద్ద దవాఖానాకు పోవాలి, ఇక్కడే ఉంటే ఇద్దరూ దక్కరు. ఆకాశం అప్పటికే నల్లబడింది. ఆ మాటే పోశవ్వకు చెప్పాను. పోశవ్వ కోడలి తల ఒళ్లో పెట్టుకుని, కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

డాక్టరమ్మ బతిమాలారు, బెదిరించారు, చచ్చిపోతుందమ్మా అని గట్టిగా అన్నారు. పోశవ్వ ఏడుస్తోంది గానీ ఒప్పుకోవడం లేదు. మూర్ఖత్వం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. ఆమె అన్న మాట విన్నాక నేనైతే అనుకోలేకపోయాను. "నా కొడుకు నేల కింద ఉన్నడు డాక్టరమ్మా. కోడలిని నేల విడిపిచ్చి గాలిల పెడుదునా? ఇంట్ల ఒక్కలన్న నేల మీద ఉండద్దా?" డాక్టరమ్మ అటు నాలుగడుగులు వేశారు, ఇటు నాలుగడుగులు వేశారు. అంతలో గాలి వచ్చింది. సాయబాను పైకి లేచి కొట్టుకుంది, బొంగు ఒకటి వంగింది. లాగండి అని ఆవిడ అరిచారు. ఒకవైపు నేను, ఒకవైపు హమీద్ మియా కొసలు లాగాం. జారుముళ్లన్నీ ఒక్కసారి ఊడి, గాలికి కొక్కేలు కూడా వదిలిన గుడ్డ అత్తాకోడళ్లను దాటి దభాలున మా ముందు నేల మీద పడింది. ఎర్రటి అక్షరాలు పైకి చూస్తున్నాయి.

డాక్టరమ్మ ఆ అక్షరాల వైపు చూసి ఆగిపోయారు. అంతసేపు కదలకుండా ఆవిడ నిలబడటం నేను మళ్లీ చూడలేదు. తర్వాత గబగబా గుడ్డను పొరలుగా మడిచి, నేల అన్న మాట పైకి వచ్చేలా సర్ది, నన్ను ఒక కొస పట్టమన్నారు. ఇద్దరం మోసుకెళ్లి డబ్బా లోపల, బల్ల జరిపి, కింద పరిచాం. అప్పుడు మెట్టు మీద నిలబడి పోశవ్వతో అన్నారు. "గాలిలో కాదమ్మా. నేల మీదే పడుకోబెడతాను. నేల లోపల పరిచాను, వచ్చి చూసుకోండి." పోశవ్వ ఆవిడను నమ్మలేదు. నా వైపు తిరిగి, "నువ్వు మా దిక్కు పిల్లవు. అబద్ధమాడకు బిడ్డా, గాడ ఏం రాసున్నది?" అంది. నేల అని రాసుందవ్వా, నేల టికెట్టు ఆడోళ్ల జాగ గుడ్డ అది అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది. "మంచిర్యాలల గా డేరా సినిమాకు నేను గూడ పోయిన. నేల మీదనే కూసున్న" అంది. తనకు తెలిసిన చోటే అది. తను కూర్చుని వచ్చిన చోటే.

లేచింది. లేస్తూ సాంపి చల్లిన చోటు నుంచి ఒక గుప్పెడు మన్ను తీసి, కొంగులో పోసుకుని మెట్టెక్కింది. గుప్పిట్లోకి తీసి గుడ్డ మీద చల్లబోయింది. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టారు. ఆ మన్ను కానుపుకు తగిలితే బిడ్డకు ధనుర్వాతం వస్తుంది, ఆవిడ అందుకు చస్తే ఒప్పుకోరు. మన్ను లేనిది పోశవ్వ ఒప్పుకోదు. బయట వాన మొదలైంది, మల్లమ్మ మూలుగు సన్నబడుతోంది. డాక్టరమ్మ పోశవ్వ గుప్పిటను తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ మన్నును గుడ్డ దూరపు మూలకు చేర్చి నన్ను పిలిచారు. "మూట కట్టు భాగ్యం. నాది కాదు, మీ నాన్నగారి ముడి వెయ్యి. ఒక్క రేణువు జారకూడదు." తాడు ముక్క చుట్టి మా బాపు ముడి వేశాను. పళ్లతో కొస పట్టి బిగించాను. పోశవ్వ ఆ మూటను వేలితో నొక్కి చూసి, బయటికి వచ్చి కోడలి భుజాలు పట్టింది. అందరం కలిసి మల్లమ్మను ఎత్తి ఆ గుడ్డ మీద పడుకోబెట్టాం.

జీపు కదిలింది. ఆ రోడ్డు సంగతి మీకు తెలియదు. గుంత తప్పిస్తే బండ, బండ తప్పిస్తే బురద. డాక్టరమ్మ బిడ్డను తిప్పడానికి చూసినప్పుడల్లా డబ్బా ఎగిరి పడేది, చెయ్యి జారేది. ఇలా కాదు, ఇలా కాదు అని ఆవిడ పళ్లు నూరుతున్నారు. మందమర్రి దగ్గర రైలు గేటు పడి ఉంది. మామూలుగా ఆ గేటు దగ్గర ఆవిడ శివాలెత్తేవారు. హారన్ కొట్టమని హమీద్ మియాను పొడిచేవారు, దిగి గేటుమన్‌తో వాదం పెట్టుకునేవారు. ఆ రోజు డబ్బా ఆగింది. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి నిదానంగా పోతున్నాయి. మా కింద మాత్రం ఏదీ కదలడం లేదు. డాక్టరమ్మ కళ్లు మూసుకుని, వేళ్లతో లోపల వెతుకుతూ, ఊపిరి బిగపట్టి ఉన్నారు. రైలు పోయింది. గేటు లేవబోతోంది. "భాగ్యం, దిగు. గేటు తియ్యొద్దని చెప్పు. ఎవరు అరిచినా సరే మనం కదలకూడదు" అన్నారు.

వానలోకి దిగి పరుగెత్తాను. గేటుమన్ ఏదో అనబోయి నా చేతుల మీది నెత్తురు చూసి గేటు అలాగే వదిలేశాడు. వెనక ఎడ్లబండ్లు, ఒక లారీ. లారీవాడు హారన్ మీద హారన్ కొడుతుంటే హమీద్ మియా వెళ్లి దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను తిరిగి ఎక్కేసరికి బిడ్డ తిరిగింది. కాళ్ల వైపు నుంచి వచ్చింది, ఏడవలేదు, డాక్టరమ్మ దాని వీపు చరిచి నోట్లో గాలి ఊదారు. అప్పుడు ఏడ్చింది. ఆడపిల్ల. మల్లమ్మ బతికింది. పోశవ్వ ఆ బిడ్డను, కింద ఎర్ర అక్షరాలను మార్చి మార్చి చూసి, అంత ఏడుపులోనూ నవ్వింది. "నేల, ఆడోళ్లు. రాసినట్టే పడ్డది" అంది. డాక్టరమ్మ గోడకు వీపు ఆనించి ఆ గుడ్డ మీదే కూలబడి కూర్చున్నారు. గేటు లేచాక కూడా, మంచిర్యాల చేరేదాకా అలాగే కూర్చున్నారు.

బండి పట్నం పోలేదు. ఆ వానాకాలమంతా ఆడవాళ్లు మెట్టెక్కారు, నేల డబ్బా వచ్చింది అని ఊళ్లో కబురు మాకంటే ముందు పోయేది. ఎక్కేముందు గుడ్డ మూలన ఉన్న మూటను ముట్టుకుని కళ్లకద్దుకునేవారు. పైన ఉతికి ఉడకబెట్టిన దుప్పటి పరిచినా, కింద ఆ గుడ్డ ఉండాల్సిందే. మూట విప్పేద్దామా అని నేనడిగితే ఉండనీ అన్నారు డాక్టరమ్మ. సాయబాను మళ్లీ కట్టినప్పుడు ఆ మూట వెదురు బొంగు పక్కన వేలాడేది. గాలికి గుడ్డ టపటపమంటే మధ్యమధ్య మూట బొంగుకు తగిలి టక్కుమనేది. ఆవిడ మాత్రం మర్నాటి నుంచే మామూలు మనిషి. నిలబడి అన్నం, నడుస్తూ కాఫీ, పదండి పదండి.

తర్వాత రెండేళ్లకేమో నాకు పెళ్లి కుదిరింది. డాక్టరమ్మను రమ్మని పిలిచాను. పెళ్లిలో కూర్చోబెడతారు, నేను రాను అన్నారు. సెలవు మీద సిరిసిల్ల పోయి, పెళ్లి చేసుకుని, మళ్లీ పనిలో చేరదామని వచ్చేసరికి ఆవిడ లేరు. బదిలీ అడిగి తీసుకున్నారట, ఇంకా దూరం, ఇంకా అడవి. నాకు ఒక్క మాట చెప్పలేదు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఆవిడ వెనక తిరిగాను, ఆవిడ కదిలితే కదిలాను, ఆగితే ఆగాను. కొస పట్టి లాగి, నన్ను ఇక్కడ వదిలి పోయారు. నన్ను కూడా జారుముడితోనే కట్టుకున్నారన్నమాట అనుకున్నాను. ఆ కోపంలోనే సాయబాను ఎండకు వేద్దామని బయటికి లాగాను. విప్పి పరిస్తే ఒక మూల లేదు. చక్కగా కత్తిరించి ఉంది. మన్ను మూట ఉండాల్సిన చోటు.

హమీద్ మియాను అడిగాను. పోయే రోజు పొద్దున డాక్టరమ్మ ఆ మూల పట్టుకుని చాలాసేపు నిలబడ్డారట. అది భాగ్యం వేసిన ముడి, ఆమె వచ్చాక విప్పుతుంది, మీ చేత కాదు అని తను చెప్పాడట. "విప్పడానికి కాదు మియా అన్నది బిడ్డా. కత్తెర అడిగింది" అన్నాడు. ఎక్కడ పెట్టుకున్నారు అన్నాను. చేతిసంచిలో, అన్నిటి కింద అన్నాడు.

ఆవిడ ఇప్పుడు ఉన్నారో లేరో నాకు తెలియదు. నా ఇంట్లో దండెం నుంచి దోమతెర దాకా అన్నీ జారుముళ్లే. మా కోడలికీ నేర్పాను. సర్వీసంతా ఊరూరా తిరిగాను, ఏ ఊరు వదలాల్సి వచ్చినా కొస లాగి కదిలాను. ఎవరైనా ఆడమనిషి నేను రాను అంటే, ఎందుకు రావని కసరకుండా నీకేం పరచాలమ్మా అని అడగడం అలవాటైంది. అవన్నీ ఆవిడవే. బజ్జీల బండి పట్టా కొట్టుకున్నప్పుడు నేను కిటికీ దగ్గరికి పరుగెత్తేది ఆ టపటప కోసం కాదు. దాని మధ్యలో ఒక టక్కు వినపడాలి. వినపడదు. ఆవిడ పట్టుకుపోయారు కదా.